మిన్నల్ జట్టు మీద వల్లిప్ప తీర్పు

ఆ రోజు ఇంట్లో ఉన్నది వీళ్ళు. వరండాలో చాప మీద, ఊరంతా కుంజాలవిక్కా అని పిలిచే తాత వల్లిప్ప, ఆయనకి ఎదురుగా మిన్నల్ ఫుట్‌బాల్ జట్టు మేనేజర్ బావుట్టి, పక్కన చేపలమ్మే అవరాన్. వంటింట్లో ఉమ్మ, అంటే అమ్మ. వంటింటికీ వరండాకీ మధ్య పళ్ళేలు మోస్తూ అన్న రమ్షాద్, జట్టు స్టాపర్, గోలు ముందు ఎదుటివాళ్ళకి అడ్డు నిలిచే ఆటగాడు. గుమ్మం పక్కన, సగం గోడ చాటున, చెల్లెలు రిన్ష. నాన్న, అదే ఉప్ప, టైల్స్ లోడు వేసుకుని కోయంబత్తూరు వెళ్ళాడు. ఆయన ఉండి ఉంటే ఏమయ్యేదో అని రిన్ష తర్వాత చాలాసార్లు అనుకుంది.

రంజాన్ నోంబు నెల మొదలైంది. ఉపవాసాలున్నన్నాళ్ళూ మ్యాచ్‌లు ఉండవు. కోసిన వరిచేలల్లో కట్టిన వెదురు గ్యాలరీలు ఎండకి ఎండుతూ ఖాళీగా పడి ఉంటాయి. సీజన్ సగంలో ఆగిన ఈ నెలలోనే, ఒక సాయంత్రం ఉపవాసం విడిచాక, తాళెక్కోడ్‌లోని ఈ ఇంటికి వల్లిప్ప మాట కోసం వస్తారు. మిగతా సగానికి జట్టులో ఎవరుండాలో ఎవరు పోవాలో ఆయన చెప్తాడు. ఆయన ఎన్నడూ బూటు తొడిగినవాడు కాదు. మిన్నల్ ఎక్కడ ఆడితే అక్కడికి వెళ్ళి చూసినవాడు, అంతే. ఒకసారి సొంత అల్లుణ్ణే తీసేయమన్నాడు. దాంతో అత్త రెండు పండగలు ఈ ఇంటి గడప తొక్కలేదు. బావుట్టి ఆయన మాట కాదననిది అందుకే.

రెండేళ్ళుగా వల్లిప్పకి కళ్ళు కనిపించవు. ఇప్పుడు ఆయనకి ఆట చూపించేది రిన్ష. దగ్గరి మ్యాచ్‌లు గ్రౌండు పక్కనున్న బీవాత్త మేడ మీంచి ఆడవాళ్ళతో కలిసి చూస్తుంది, దూరపువి ఫోన్లో చూస్తుంది. తర్వాత చాప మీద గింజలు పేర్చి చెప్తుంది. ఖర్జూరం గింజలు మనవాళ్ళు, చింతపిక్కలు ఎదుటివాళ్ళు. వల్లిప్ప వాటిని వేళ్ళతో తడిమి చూస్తాడు. బడిలో పేరు పిలిస్తే నోరు పెగలని పిల్ల, ఆ గింజల ముందు మాత్రం గలగలా మాట్లాడేది. వినేది వల్లిప్ప ఒక్కడే కాబట్టి.

ఈసారి అందరి ముందూ చెప్పాలి.

ఆ మధ్యాహ్నం బావి దగ్గర రమ్షాద్ ఆమెని ఆపాడు.

"గోల్స్ సంగతి అడిగితే కీపర్ అని చెప్పు. సుజిత్ చేతుల్లోంచే పోతున్నాయని చెప్పు. నా ఊసెత్తకు."

"నీ ఊసెందుకొస్తుంది ఇక్కా?"

అతను లుంగీ పైకి లాగి ఎడమ మోకాలు చూపించాడు. మోకాలి చిప్ప ఎక్కడుందో తెలియనంతగా వాచిపోయింది. రిన్ష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఉమ్మకి చెప్పావంటే చూడు. పండగ అవ్వగానే కొచ్చి నుంచి కంపెనీ జట్టువాళ్ళు నన్ను చూడ్డానికొస్తున్నారు. రెండాటలు చూస్తారు. నచ్చితే ఉద్యోగం, రిన్షూ. నెల నెలా జీతం. ఈ నెల కూర్చుంటే ఇదే తగ్గిపోద్ది. ఆ రెండాటలకీ నేను గ్రౌండులో ఉండాలి, అంతే."

"మరి సుజిత్‌ని తీసేస్తారు కదా?"

"వాడికి ఇంకో జట్టు దొరుకుద్ది. నాకు ఇంకో కొచ్చి దొరకదు."

ఆమె తలూపింది.

సాయంత్రం మసీదు నుంచి బాంగు వినిపించింది, ఖర్జూరాలు నోట్లో పడ్డాయి, గంజి తాగారు, పత్తిరి రొట్టెలు సగం అయ్యాయి. అప్పుడు అవరాన్ మొదలుపెట్టాడు.

"మా ఇంట్లో చిరిగిన వల ఒకటుంది బావుట్టీ. మీ కీపర్ చేతులకి కట్టు. బంతి ఆగకపోయినా కవళ్ళ చేపలైనా పడతాయి."

"నువ్వు నోరు ముయ్యి. నీ తక్కెడ కంటే నా కీపర్ నయం. వాడు అప్పుడప్పుడైనా సరిగ్గా నిలబడతాడు."

వల్లిప్ప కూడా నవ్వాడు. బావుట్టి చెయ్యి తుడుచుకుని ముందుకి వంగాడు.

"అది కాదు కుంజాలవిక్కా, గెలవాల్సిన ఆటలు పోగొట్టుకున్నాం. ఎబో ముందర గోల్స్ కొడుతూనే ఉన్నాడు, వెనక మనం ఇచ్చేస్తున్నాం. ఊరంతా కీపర్ని మార్చమంటోంది. నాకూ అదే మంచిదనిపిస్తోంది. మీరేమంటారు?"

"ఊరికి కళ్ళున్నాయి, చూసింది. నాకు మనవరాలుంది, అడుగుతా," అన్నాడు వల్లిప్ప. "మోళే, ఇలా రా. చివరాటలో రెండో గోలు పెట్టు."

రిన్ష గింజలు గుప్పిట్లో పట్టుకుని చాప అంచున కూర్చుంది. "ఎబో దగ్గర... బంతి పోయింది," అంది.

"కాస్త గట్టిగా, తల్లీ. మేమేం చేపలం కాదు పారిపోవడానికి," అన్నాడు అవరాన్.

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతోపాటు గొంతూ వచ్చింది. గింజలు ఒక్కొక్కటిగా చాప మీద పడ్డాయి. వాళ్ళ పొడుగాటి కుర్రాడు బంతి లాక్కోవడం, మన ఎడమ పక్కనుంచి దూసుకురావడం, గ్యాలరీ మొత్తం లేచి నిలబడటం, మేడ మీద బీవాత్త కళ్ళు మూసుకోవడం, అన్నీ చెప్పింది. బావుట్టి తినడం ఆపి వింటున్నాడు. ఇంతమంది తన మాట వినడం రిన్ష ఎరగదు.

"వాడు కిందుగా కొట్టాడు. సుజిత్ దూకాడు. బంతి చేతికి తగిలి లోపలికి పోయింది. కీపర్ ఆపాల్సింది."

చెప్పేసింది. గుమ్మంలో రమ్షాద్ ఊపిరి వదలడం వినిపించింది.

"విన్నారుగా కుంజాలవిక్కా," అన్నాడు బావుట్టి.

వల్లిప్ప వేళ్ళు గింజల మీద నడుస్తున్నాయి. సుజిత్ గింజ దొరికింది. బంతి కొట్టినవాడి పిక్క దొరికింది. ఆ రెంటి మధ్యా చాపని తడిమాయి, ఆగాయి, మళ్ళీ తడిమాయి.

"మోళే, నా స్టాపర్ ఏడీ?"

రిన్ష అప్పుడు చూసింది. మాట అన్న చెప్పమన్నట్టే చెప్పింది. చెయ్యి మాత్రం రోజూ పెట్టినట్టే పెట్టింది. రమ్షాద్ గింజ పిక్కకి ఎదురుగా లేదు. జానెడు వెనక, కుడి పక్కకి ఒరిగి, ఒంటరిగా ఉంది.

జానెడు జరిపితే చాలు. రమ్షాద్ తప్ప ఎవరూ ఆమె చేతి వంక చూడటం లేదు. అతను కళ్ళతోనే బతిమాలుతున్నాడు. ఆమె వేలు గింజని తాకింది. వల్లిప్ప మొహం ఎత్తి, నోరు కాస్త తెరిచి, ఎప్పటిలాగే ఆమె చూపించబోయేదాని కోసం ఎదురుచూస్తున్నాడు. ఇప్పుడు జరిపితే, రేపటి నుంచి ఏ గింజ నిజమో ఈయనకి ఎలా తెలుస్తుంది?

"ఇక్కడ," అని ఆయన వేలు పట్టుకుని గింజ మీద పెట్టింది.

"ఇంత వెనకా?"

"ఊఁ."

"మిగతా గోల్స్‌లోనూ?"

"ఎడమకి తిరగాల్సినప్పుడల్లా."

బావుట్టి తలెత్తి గుమ్మం వైపు చూశాడు.

"రమ్షాదే, అందరం కింద కూర్చుని తింటుంటే నువ్వొక్కడివీ వడ్డిస్తానంటూ నిలబడే ఉన్నావేంట్రా? రా, ఇలా వచ్చి కూర్చో."

రమ్షాద్ రాలేదు. చేతిలో పళ్ళేలతో అక్కడే ఉండిపోయాడు. వంటింట్లోంచి ఉమ్మ వచ్చింది.

"ఉప్పా, మన పిల్లాడు," అంది మామ వల్లిప్పతో. "కొచ్చివాళ్ళు వస్తామన్నారు."

"తెలుసమ్మా." ఆయన చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎవరో దూరపువాడి సంగతి చెప్తున్నట్టు అన్నాడు. "బావుట్టీ, కీపర్ని ముట్టుకోకు. తప్పు వాడిది కాదు. స్టాపర్ని మార్చు. ఈ సీజన్ వీణ్ణి గ్రౌండులోకి దించకు. దించావంటే ఆ కాలు మనకి మిగలదు."

"సరే కుంజాలవిక్కా," అన్నాడు బావుట్టి. ఒక్క మాట ఎదురాడలేదు.

రాత్రి నమాజుకి మగవాళ్ళు మసీదుకి బయల్దేరారు. రోజూ వల్లిప్పని చెయ్యి పట్టుకుని నడిపించేది రమ్షాదే. ఆ రోజు అవరాన్ పట్టుకున్నాడు. ఉమ్మ అంట్లు ముందేసుకుని తోమకుండా కూర్చుంది. రిన్ష రెండు పత్తిరి రొట్టెలూ మాంసం కూరా పళ్ళెంలో పెట్టుకుని అన్న గది గుమ్మంలో నిలబడింది. అతను మంచం అంచున కాలు చాపుకుని కూర్చున్నాడు.

"ఇక్కా, తెల్లారుజాము నుంచి నువ్వేం తినలేదు."

"బాగా చెప్పావే," అన్నాడతను. "కీపర్ అన్నావు చూడు, గట్టెక్కాననుకున్నా."

"నేను కావాలని అక్కడ పెట్టలేదు ఇక్కా."

"పెట్టడం కాదు. జరపలేదుగా?"

చెప్పాలనుకున్నది చాలా ఉంది. వల్లిప్ప మొహం గురించి, సుజిత్ గురించి, ఆ మోకాలు చూసినప్పుడు తనకి కలిగిన భయం గురించి.

రమ్షాద్ గోడ పట్టుకుని, కుడి కాలి మీద లేచి వచ్చాడు. పళ్ళెం కోసమనుకుని ఆమె చేతులు చాపింది. అతను ఆమె వేళ్ళు నలగకుండా పళ్ళేన్ని మెల్లగా వెనక్కి నెట్టి, తలుపు వేసుకున్నాడు.