వెండి నీళ్లు తిప్పిన చెయ్యి

"స్టిరర్ కొనక్కర్లేదు బావా, మనింట్లోనే ఉన్నాది," అంటున్నాడు మా ఆయన త్రినాథ్, ఫోనులో వాళ్ల అక్కమొగుడితో. నేను బియ్యం ఏరుతూ విన్నాను. మనింట్లో స్టిరర్ ఎక్కడుందబ్బా అని అటక వైపు కూడా చూశాను. కాసేపటికి అర్థమైంది. ఆ స్టిరర్ బియ్యం ఏరుతోంది.

సంగతేమిటంటే, వెండి నీళ్లు. గాజు జాడీలో డిస్టిల్డ్ వాటర్ పోసి, రెండు వెండి తీగలు ముంచి, బ్యాటరీ కలిపితే వెండి కంటికి కనబడనంత సన్నంగా నీళ్లలోకి దిగుతుందట. వాళ్లమ్మ మోకాళ్లకి మందన్నాడు. నేను ఆసుపత్రిలో డాక్టరమ్మని అడిగొచ్చాను. తాగొద్దంది, తాగితే ఒళ్లు బూడిదరంగుకి తిరుగుతుందంది. ఆ మాటే చెబితే, "ముందు తయారవనీ, తాగడం సంగతి తరవాత సూద్దాం," అన్నాడు.

వెండి తీగల దగ్గరే పేరుకుపోకుండా నీళ్లు నిదానంగా తిరుగుతూ ఉండాలట. అలా తిప్పేదే స్టిరర్. ఏది కొనాలా అని పొద్దస్తమానం వీడియోలు చూశాడు. అయస్కాంతంతో తిప్పేదుంది, అది శుద్ధ దండగ. చేపల తొట్టిలో పెట్టే గాలిపంపు పెడితే బుడగలు. చిన్న మోటారైతే ఎవడు బిగిస్తాడు? ఇలా అన్నిటికీ వంకలు పెట్టి చివరికి నా వైపు చూశాడు. "నీ సెయ్యైతే ఒకే ఊపులో తిరుగుతాది రాజీ. బడిలో అంత పప్పు తిప్పుతావు, ఇదో లెక్కా?"

నిజం చెప్పొద్దూ, ఆ మాటకి లోపల పొంగిపోయాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నా చేతి గురించి ఆయన అన్న మొదటి మంచిమాట అది. బడిలో మధ్యాహ్న భోజనం వండేది నేనే. గరిటె బరువుని బట్టే పప్పు అడుగంటబోతోందని నాకు ముందే తెలిసిపోతుంది. నా వంటలో మాడు వాసనొస్తోందని ఇంతవరకూ ఏ పిల్లా మూతి తిప్పుకోలేదు. ఆ గర్వం నాకుంది, దాచుకోవడమెందుకు? ఆ గర్వాన్నే ఆసరా చేసుకుని నన్ను పీటమీద కూర్చోబెట్టాడు మహానుభావుడు.

ఆదివారం. నానబెట్టిన బట్టలు నానుతూనే ఉన్నాయి, నేను ప్లాస్టిక్ పుల్లతో నీళ్లు తిప్పుతూనే ఉన్నాను. ఆయన టీ తాగొస్తానని బజారుకెళ్లాడు. మా అత్త గున్నమ్మ వచ్చి జాడీలోకి తొంగిచూసింది.

"ఉప్పు ఏసినారేటి?"

"వెయ్యకూడదత్తా."

"ఉప్పు లేకపోతే అదేటి మందే?" అంటూనే గుప్పిట్లో తెచ్చిన ఉప్పు జాడీలో విదిలించేసింది. మా నౌపడలో అంతే. ఉప్పుమళ్ల పక్కన పుట్టి పెరిగిన మనుషులు, దిష్టి తీసినా ఉప్పే, పుండు కడిగినా ఉప్పే. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడిపోయాయి.

ఆయనొచ్చి చూశాడు. "ఏటే ఇది? మద్దెలో సెయ్యి ఆపేసుంటావు. తిప్పడం కూడా సేతకాదేటి నీకు?"

నేను అత్త వైపు చూశాను. అత్త గోడమీద క్యాలెండరు చూస్తోంది. ఉప్పు పేరెత్తితే ఇంట్లో ఎంత రభస అవుతుందో తెలుసు, అందుకే నోరు మూసుకున్నాను. కూరలో కారం ఎక్కువైందని అననీ, మా పుట్టింటివాళ్లని అననీ, అవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తాను. నా చెయ్యి ఆగిందన్న మాట మాత్రం మింగుడు పడలేదు. పెరట్లోకెళ్లి ఏడ్చాను.

రెండ్రోజులకి నరసన్నపేట నుంచి నారాయణమ్మ ఫోను చేసింది. పెళ్లిళ్లకీ పేరంటాలకీ పెద్ద వంటలు పట్టే మనిషి. "నా భుజం లెగట్లేదే రాజీ. ఆదివారం ఇక్కడ గృహప్రవేశం ఉన్నాది. పెద్ద గుండిగ నువ్వే పట్టాల. ఇన్నాళ్లూ నా ఎనకాల కూరలు తరిగినావు, ఇంక సాలు."

ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయనకి చెబితే, "ఆదివారమా? మళ్లీ వెండి నీళ్లు ఎట్టుకున్నాను కదా. ఎవులు తిప్పుతారు?" అన్నాడు.

మర్నాడు టెక్కలి వెళ్లాను. కొట్టులో ఒక్కొక్క మోటారూ తిప్పించి చూశాను. ఒకటి మరీ జోరు, నీళ్లు చిందిస్తుంది. ఇంకోటి వణుకుతోంది. నిదానంగా, ఒకే ఊపులో తిరిగేది తీసేదాకా కొట్టువాణ్ణి వదల్లేదు. నా చేతికి బదులు పెట్టేది నా చేతి పాటైనా ఉండొద్దూ? గాజు కడ్డీ కూడా దానికే బిగించమన్నాను.

ఆదివారం పొద్దున్నే దాన్ని జాడీ మీద పెట్టాను. "ఇదిగో మావా, స్టిరర్. ఎన్ని తిట్టినా పడుంటాది. నా సెయ్యి నరసన్నపేట ఎల్తన్నాది. ఆ నీళ్లు మాత్రం అత్త నోట్లో పడ్డాయో, ఊరుకోను." ఆయన తేరుకునేలోపే చెప్పులేసుకున్నాను.

పందిట్లో పెద్ద గుండిగ నిండా సాంబారు. నా ఎత్తు గరిటెని రెండు చేతులా పట్టుకుని తిప్పుతున్నాను. కుర్చీలో కూర్చున్న నారాయణమ్మ, "అడుగంటలేదు కదే?" అంది. "నేనుండగానా?" అన్నాను. అంతలో ఫోను. పక్కనున్నామె నా చెవి దగ్గర పెట్టింది.

"మోటారు ఆగిపోనాది. నీలాగే ఇదీ మద్దెలో ఆగిపోనాది!"

వెనకనుంచి అత్త గొంతు. "దాన్నెందుకంటావురా? ఆ రోజు ఉప్పు ఏసింది నేను. దాని సెయ్యి ఆగలేదు."

నా కళ్లు చెమర్చాయి, పొగవల్ల కాదు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మరి ఇప్పుడేటి కొనమంటావు?"

గరిటె ఆపకుండానే చెప్పాను.

"కొనక్కర్లేదు మావా, ఇంట్లోనే ఉన్నాది. సొక్కా సేతులు మడుసు."