వేడి రంగుల డబ్బీ

పొద్దున్నే వంట ముగించి, కిటికీ వెలుతురులో ఫోను నిలబెట్టుకుని, కళ్ళకు రంగులు పూసుకుంటూ వాటి మంచీచెడూ వీడియోలో చెప్పడం రచన పని. చిక్కడపల్లి లైబ్రరీ వెనక సందులో కిరాయి ఇల్లు, తల్లీకూతుళ్ళు ఇద్దరే. ఇదేం కొలువని సందులోవాళ్ళు ముసిముసిగా నవ్వుకుంటారు గానీ, పెళ్ళిళ్ళప్పుడు ఏ రంగు కొనాలో అడగడానికి వచ్చేదీ వాళ్ళే.

తల్లి మనోరమ, భర్త విఠల్ పోయిననాడు కంటతడి పెట్టలేదు. ఆనాటి నుంచే ఆవిడ ఒళ్ళు చల్లబడుతూ వచ్చింది. ఇప్పుడు ఆవిడ పట్టుకుంటే గ్లాసులో నీళ్ళు గడ్డకడుతున్నాయి. ఫ్రిజ్ చెడిపోయినప్పుడల్లా పక్కింటి త్రివేణి పాలగిన్నె తెచ్చి ఆవిడ మంచం పక్కన పెట్టి పోయేది. నారాయణగూడ డాక్టరు నాడి చూసి, చలి గుండెదాకా పాకిందని, ఇక ఎన్నాళ్ళో ఉండదని చెప్పేశాడు. రచనకు దిక్కుతోచలేదు. అయినా పని మానితే ఇల్లు గడవదు.

ఆ వారం రివ్యూకి వచ్చిన, రెప్పలకు పూసే ఐషాడో డబ్బీలో రాగి, తేనె, దాల్చినచెక్క, ఇటుక రంగులున్నాయి. ఇవన్నీ వార్మ్ టోన్, అంటే వేడి రంగులని రచన ఫోనుకు చెబుతుంటే మనోరమ మంచం మీంచే అడ్డుపడింది. కాటుకైతే కంటికి చలువ, వేడి చేసే వస్తువు కళ్ళకు ఎవరైనా పెడతారా అని గదమాయించింది.

"గట్ల కాదమ్మా, అది ఉత్త పేరే," అని నవ్వబోయిన రచన ఆగిపోయింది. ఇప్పుడు కావలసింది వేడి చేసే వస్తువే కదా. రాగి రంగు తీసి తల్లి రెప్పలకు అద్దింది.

రెప్పలు వెచ్చబడ్డాయి. చెంపల్లోకి రక్తం పాకింది. లోపల గడ్డకట్టిన కన్నీళ్ళు కరిగి, మనోరమ మొగుడి పేరు పెట్టి ఏడ్చింది. ఏడ్చినకొద్దీ రంగు కొట్టుకుపోయింది, రంగు పోయినకొద్దీ చలి తిరిగొచ్చింది. తేనె రంగు పూస్తే అదీ అంతే, దాల్చినచెక్కదీ అంతే. గీకి గీకి పూసినా ఏదీ నిలవలేదు. చివరికి ఇటుక రంగు ఒక్కటే మిగిలింది.

దాన్ని వేలికి అద్దుకుంటుంటే మనోరమ కూతురి చెయ్యి పట్టుకుంది. రెండు చేతులూ ఒకే తీరు చల్లగా ఉన్నాయి. ఆ సంగతి రచన అప్పటిదాకా గమనించుకోనేలేదు.

"మీ నాయిన పోయిన్నాడు నువ్వు గూడ ఏడ్వలే బిడ్డా. ఇది నువ్వు పెట్టుకో."

"మరి నీకెట్లనే?"

"నేను ఏడ్సిన గదా. సాలు."

రచన బతిమాలింది, కోప్పడింది. మనోరమ రెప్పలు గట్టిగా మూసుకుని గోడవైపు తిరిగిపోయింది. ఎంత లాగినా ఇటు తిరగలేదు. రచన ఆ రంగు తన కళ్ళకే పూసుకుని, తల్లి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తుండగానే ఆ చెయ్యి కొయ్యబారింది. తన చెయ్యి మాత్రం వెచ్చబడుతూ వచ్చింది. ఆ వెచ్చదనం మీద ఆమెకు అసహ్యం పుట్టింది.

ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. చెంపల మీద ఇటుక రంగు చారలతో రచన దానివైపు తిరిగింది.

"రంగు మంచిగున్నది," అంది. "ఏడుపుకు ఆగదు."