వేదిక మీద పిలిచిన పేరు

మా వగిరాన్ కెందాంగ్ డోలు మీద చెయ్యేస్తే, జావాలో మా తుబాన్ తీరంలో తాటిచెట్టెక్కినవాడు కల్లుకుండతో సహా దిగొచ్చి చిందులేసేవాడు. దిగడమంటే మెల్లిగా కాదు, దబ్బున. నమ్మకపోతే మానండి. అదే మేళంలో పిల్లనగ్రోవి ఊదినవాణ్ణి నేను. నడుం విరిగినవాణ్ణి పరామర్శించి కూడా వచ్చాను.

కానీ పెళ్లిళ్లలో జనం చేత చిందులేయించే డాంగ్‌డుట్ మేళంలో కెందాంగ్ వాయించేవాడి మొహం ఎవడు చూస్తాడు? చూపులన్నీ పాడే పిల్ల మీదే. వీడు వెనకాల, స్పీకర్ల చాటున. వీడికున్నదల్లా ఒక్కటే. పాట మధ్యలో ఆవిడ మైకులో వీడి పేరు పిలుస్తుంది. పిలిచిందా, వీడు రెచ్చిపోతాడు, జనం లేచి ఆడతారు. బోర్డన్నా పోస్టరన్నా వీడికి ఆ పిలుపే.

వర్సితి మా మేళంలోకి వచ్చేనాటికి పాటలో ఊపిరెక్కడ తీసుకోవాలో కూడా తెలీదు. నేర్పింది వగిరానే.

"పెళ్లివారి పేర్లు ముందే కనుక్కో. మొదటి పాటకి ముందు పెళ్లికూతురి నాయనమ్మకి దండం పెట్టు. వీడియో తీసేవాడి వైపు నవ్వు. వాణ్ణి చూసి కాదు, వాడి చేతిలో ఉన్నదాన్ని చూసి."

పిల్ల ఇట్టే అందుకుంది. రెండు పంటలు తిరిగేసరికి ఆవిడ వీడియోలు జావా అంతా తిరిగాయి. అప్పుడు కాంగ్, అంటే అన్నా, అని పిలుస్తూనే గురువుకే పాఠం మొదలెట్టింది.

"కాంగ్, వగిరాన్ అంటే గేదెల బేరగాడి పేరులా ఉంది. గ్లెడెక్ అని పెట్టుకో. పిడుగు! ప్రతి పాటలో నేను పిలుస్తా. పేరు పాకాక మేళం వదిలెయ్. ఎవరు రమ్మంటే వాళ్ల దగ్గర వాయించు. ఎన్నాళ్లని ఒకడి కింద కూచుంటావు?"

"మొహం కూడా ఒక బ్యానర్ మీద వేయించరా," అన్నాను నేను.

"నా మొహం చూస్తే కుదిరిన పెళ్లి తప్పిపోద్ది," అని నవ్వాడు వెధవ. "పేరు చాల్లే. అది పిలుస్తోందిగా."

పిలిచింది, మాట తప్పలేదు. "కొట్టు, గ్లెడెక్!" అని ఆవిడ అరిస్తే చేపలు వాటంతటవే వలలోకి దూకేవని జాలర్లు చెప్పుకునేవారు. అందులో నేను కలిపింది కొంచెమే. పిల్లలు గిన్నెలు వాయిస్తూ గ్లెడెక్, గ్లెడెక్ అని వీధులు పట్టి తిరిగారు. ఆ ధైర్యంతో వగిరాన్ మేళం వదిలేశాడు, వాడి వెంట నేనూ. వర్సితే కళ్లనీళ్లు పెట్టుకుని సాగనంపింది.

ఊరి పెద్దమనిషి పాక్ కస్దు తన కూతురి పెళ్లికి గ్లెడెకే కావాలంటున్నాడని తెలిసి, వగిరాన్ నన్ను బండి వెనకాల ఎక్కించుకుని వెళ్లాడు.

"నేనే గ్లెడెక్‌ని," అన్నాడు.

కస్దు కాఫీ గ్లాసు కింద పెట్టి ఎగాదిగా చూశాడు. "నువ్వా? మొన్న మా బావమరిది ఇంట్లో చూశానయ్యా వాణ్ణి. కుర్రాడు, జుట్టుకి ఎర్రరంగు. ఇవాళ పక్కూళ్లోనే వాయిస్తున్నాడు, పోయి చూసుకో."

పోయాం. వేదిక మీద వర్సితి. వెనకాల కెందాంగ్ దగ్గర ఆవిడ సొంత తమ్ముడు యోయోక్.

"కొట్టు, గ్లెడెక్!"

జనం ఈలలు. నా పక్కనున్న వగిరాన్ చేతులు అలవాటుకొద్దీ లేచాయి. లేచినవి అలాగే గాలిలో ఉండిపోయాయి.

పాటయ్యాక వేదిక వెనక్కి వెళ్లాం. వర్సితి కొబ్బరినీళ్లు తాగుతోంది.

"రా కాంగ్! తిన్నావా?"

"అది నా పేరే, వర్సితీ."

"నీ పేరు వగిరాన్ కదా." నిజంగానే ఆశ్చర్యపోయినట్టు చూసింది. "గ్లెడెక్ అనకపోతే జనం లేవట్లేదు, నేనేం చెయ్యను? వెళ్లమన్నాను గానీ, పేరు పట్టుకెళ్లమన్నానా?"

"మీ వాడు ఎప్పట్నుంచి నేర్చుకుంటున్నాడమ్మా?" అన్నాను నేను.

వెనకనుంచి యోయోక్ గొప్పగా అందుకున్నాడు. "ఈయన పేరు పెట్టుకున్నప్పట్నుంచీ మామా! పేరు పాకేదాకా ఆగమని అక్క అప్పుడే చెప్పింది."

"నోర్ముయ్," అంది వర్సితి. తర్వాత వగిరాన్ చెయ్యి పట్టుకుంది. "ఇంకో పేరు పెట్టుకో కాంగ్. మంచిదొకటి నేనే ఆలోచించి చెప్తా."

వాడు చెయ్యి లాక్కున్నాడు. దారిలో నేను రెండు కోతలు కోశాను. వాడు నవ్వలేదు.

పెళ్లిరోజుకి గ్లెడెక్ ఖాళీ లేడని, పోనీలే పాపమని కస్దు వీణ్ణే వాయించనిచ్చాడు. పాడేది కొత్తపిల్ల. వెనక్కి వంగి అడిగింది.

"మామా, నిన్ను ఏమని పిలవను?"

వీడు పట్టీ బిగిస్తున్నవాడల్లా ఆగాడు. నేను పిల్లనగ్రోవి నోటి దగ్గరే పెట్టుకుని చూస్తున్నాను.

"వగిరాన్," అన్నాడు.

"కొట్టు, వగిరాన్!" అందా పిల్ల. ఒక్కడూ లేవలేదు. ముందు వరసలో ముసలమ్మ, "ఎవర్నే పిలుస్తోందీ?" అని మనవరాలిని పొడిచింది.

వాడు కొట్టాడు. అమ్మతోడు, ఇందులో నేనేం కలపట్లేదు, జన్మలో అంత కొట్టుడు కొట్టలేదు. ముందు కాళ్లు కదిలాయి, ఆనక కుర్చీలు ఖాళీ అయ్యాయి. ముసలమ్మ కూడా లేచింది. పాట ఆగాక కస్దు చెమట తుడుచుకుంటూ వేదికెక్కి వాడి భుజం తట్టాడు.

"భలే పట్టావయ్యా! అచ్చం గ్లెడెక్‌లాగే ఉంది. కళ్లు మూసుకుంటే వాడే అనుకుంటారు."