రైలు కిటికీ దగ్గర జీవీబెన్ అన్న మాట

పైడితల్లి కుట్టుమిషను తొక్కుతోంది. మిషను ఉన్నది భీమిలి ఒడ్డు ఇసకలో, కానీ ఆ ఇసకే గుజరాత్‌లోని గాంధీధాం బడి మైదానం కూడా, ఎందుకంటే చుట్టూ భూకంప బాధితుల కోసం లారీలు దింపిపోయిన పాతబట్టల గుట్టలున్నాయి, ఆ గుట్టల్లోంచి చీరలు ఒకదాని కొంగు ఒకటి పట్టుకుని నెమ్మదిగా నీళ్లలోకి నడిచిపోతున్నాయి, ఎవరూ వాటిని ఆపడం లేదు. ఎదురుగా బొంత మీద జీవీబెన్ కూర్చుని, లంగా అంచులోకి పిన్నీసుతో బొందు ఎక్కిస్తోంది. జీవీబెన్ పోయి పదకొండేళ్లయిందని పైడితల్లికి తెలుసు. ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్లిపోతుందేమోనని మిషను ఆపకుండా తొక్కుతోంది.

"ఏటే పైడీ, అలాగ సూస్తన్నావు? దారం అయిపోనాది, సూసుకో."

జీవీబెన్ తెలుగు మాట్లాడుతోంది. అదీ అచ్చం విజయనగరం తెలుగు, పైడితల్లి అమ్మమ్మ మాట్లాడినట్టు. బతికుండగా కచ్ మాటలు తప్ప ఆవిడకి మరో ముక్క రాదు. భర్త అప్పలస్వామికి కాండ్లా రేవులో పని కాబట్టి పైడితల్లి పదమూడేళ్లు ఆవిడ ఎదురింట్లోనే కాపురం ఉంది గానీ, ఆమెకి వచ్చినవి బజారులో పనికొచ్చే నాలుగు గుజరాతీ మాటలే. మిగతాదంతా చేతులతోనూ కళ్లతోనూ నడిచిపోయేది. ఇప్పుడీ తెలుగు వింటుంటే పైడితల్లికి వింతగా లేదు, ఇన్నాళ్లూ ఎందుకు దాచుకుందా అని చిన్న కోపంగా ఉంది, అంతే.

"అన్ని బట్టలొచ్చినాయి గానీ ఒక్క లంగా పంపినోడు నేడు," అంటోంది జీవీబెన్. "సీరలు తాళ్లతోటి కట్టుకున్నారు పాపం, ఆడోళ్లు."

"గుర్తుందా నీకు?"

"మరిసిపోడానికేటే. గుడారం గుడ్డ కత్తిరించి మొదటి లంగా నువ్వే కుట్టినావు. కట్టుకున్నామె నడుత్తుంటే అట్టపెట్టెలాగ సప్పుడయ్యింది. అందరం నవ్వినాం. ఇల్లు కూలిపోయినోళ్లం, పిల్లల్ని పోగొట్టుకున్నోళ్లం, అందరం."

అవును, ఆ నవ్వు. ఒకే గంగాళంలో వండిన కిచిడీ, రేకు పళ్లాలు, పొద్దున్నే పొగమంచులో మిషను దగ్గర వరస కట్టిన ఆడవాళ్లు, దుప్పట్లు చించి, పక్కగుడ్డలు చించి, అంచు పీలికలు బొందులుగా పేని, వాళ్లిద్దరూ ఇరవై రోజులకి పైగా లంగాలు కుట్టారు. రాత్రి నేల ఏ కాస్త కదిలినా చెయ్యీ చెయ్యీ పట్టుకుని కూర్చునేవారు. అంత దుఃఖంలో అంత నిండుగా బతికిన రోజులు తనకి తర్వాత మరి రాలేదని పైడితల్లి ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే పాపమనిపించేది.

ఇసక సర్దుకుని వాళ్ల పాత సందు అవుతుంది. జనవరి ఎండ, రిపబ్లిక్ డే పొద్దు. పైడితల్లి మిషను గుమ్మం బయట ఎండలో వేసుకుని ఉంది, జాకెట్టు కొలత కోసం "జీవీబెన్" అని పిలుస్తోంది, ఆవిడ వస్తోంది, ఆవిడ ఛాతీ చుట్టూ టేపు తిప్పుతుండగానే భూమి ఒళ్లు దులుపుకుంటుంది. ఆనాడు చెవులు పగిలే చప్పుడు. కలలో చప్పుడు లేదు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని నేల మీద దొర్లుతుంటే, ఎదుటి ఇల్లు మడత పెట్టిన దుప్పటిలా కిందికి దిగిపోతుంది. లోపల జీవీబెన్ మొగుడు రవ్‌జీభాయ్ టీవీలో ఢిల్లీ కవాతు చూస్తున్నాడు.

ఆయన్ని రెండో రోజు బయటికి తీశారు. నాలుగో రోజు జీవీబెన్ తనంతట తనే మైదానానికి వచ్చి, బొంత మీద కూర్చుని, పైడితల్లి చేతిలోంచి పిన్నీసు తీసుకుంది. ఆ రోజు నుంచీ పైడితల్లి గుండెలో ఒక ప్రశ్న ఉండిపోయింది. నేను పిలవకపోతే నువ్వు మీ ఆయనతోనే ఉండేదానివి కదా, నేను నిన్ను బతికించానా, ఒంటరిదాన్ని చేశానా? నాలుగు బజారు మాటలతో అడిగే ప్రశ్న కాదది.

"జీవీబెన్, ఆ పొద్దు నిన్ను పిలిచింది నేనే," అంటుంది పైడితల్లి ఇప్పుడు. మిషను ఆగిపోయింది.

"అయితే?"

"నా మీద ఎప్పుడైనా కోపమొచ్చిందా?"

జీవీబెన్ బొందు కొస లాగి, రెండు వైపులా సమానంగా వచ్చిందో లేదో చూసుకుంటుంది. "నువ్వు పిలిసినట్టు నాకు ఇనబడనే నేదు. నీ పిలుపుకంటే ముందే గుమ్మం దాటీసినాను. రెండో టీ పెట్టమన్నాడు ముసిలోడు. మొదటిది బాగోనేదని పారబోసి మరీ అడిగినాడు. నీ టీ నువ్వే పెట్టుకోమని వొచ్చీసినాను. నీ కోసం కాదే పైడీ, కోపంతోటి వొచ్చినాను."

"నిజమేనా? నా మనసు కోసం చెబుతున్నావా?"

"సచ్చినదాన్ని. అబద్ధమాడి నానేటి సేసుకుంటాను?"

పైడితల్లికి నవ్వొస్తుంది, నవ్వుతుంటే కళ్లు నిండుతాయి, జీవీబెన్ కళ్లూ నిండుతాయి. ఆవిడ గొంతు తగ్గిపోతుంది. "కడసారి మాట అదే అయిపోనాది, సూడు. నీ టీ నువ్వే పెట్టుకో. ఎవరికీ సెప్పనేదు, కొడుక్కి కూడా. నీకొక్కదానికే సెప్పినాను."

"నాకెప్పుడు చెప్పావు?"

అడుగుతుండగానే సందు కదులుతుంది, అది రైలు, పైడితల్లి కిటికీ పక్కన కూర్చుని ఉంది. అప్పలస్వామి పని మానేసి అందరూ ఊరికి వచ్చేస్తున్న రోజు. జీవీబెన్ కిటికీ ఊచలు పట్టుకుని ఆ రోజులాగే ఆపకుండా ఏదో చెబుతోంది. ఆనాడు ఒక్క ముక్క అర్థం కాకపోయినా పైడితల్లి తల ఊపింది, అలాగే, అలాగే అని. బండి కదిలింది. మళ్లీ వస్తానని వెళ్లలేదు. చివరికి ఎవరో ఫోను చేసి, ఆవిడ పోయి నెలయిందని చెప్పారు.

"అదేనా నువ్వు చెప్పింది?"

"అదేనే. నువ్వు తల ఊపినావు. నాకు సాలింది."

"నాకు అర్థం కాలేదు, జీవీబెన్. ఊరికే ఊపాను."

"నాకు తెల్దేటి," అంటుంది జీవీబెన్. ఊచల్లోంచి చెయ్యి పెట్టి పైడితల్లి చెంప నిమురుతుంది. "సెప్పుకోడానికి ఒక మనిసి కావాల. అర్థం సేసుకోడానికి కాదు." బండి కదులుతోంది గానీ ప్లాట్‌ఫారం కూడా దాంతోపాటే వస్తోంది, జీవీబెన్ పక్కనే నడుస్తోంది, అడుగు తడబడకుండా, మోకాళ్ల నొప్పి లేకుండా, చాలాసేపు.

"మామ్మా, నీళ్లు కాగిపోయాయి, లే."

వంటింట్లోంచి మనవరాలి పిలుపు. కిటికీలోంచి ఎండ మంచం మీద సగం దాకా వచ్చింది. పైడితల్లి కళ్లు తెరవకుండానే జవాబిచ్చింది. మనవరాలు గరిటె పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది.

"ఏటన్నావు మామ్మా?"

"వస్తున్నానన్నాను."

"కాదు, ఇంకేదో అన్నావు."

పైడితల్లి లేచి కూర్చుని తను అన్నదేమిటో గుర్తు తెచ్చుకుంది. ఆవుఁ ఛుఁ. వస్తున్నానని గుజరాతీలో. ఇరవై ఏళ్లుగా ఆమె నోట రాని మాట.