పెన్సిలు గీతలు

“రిసీప్ట్ కాదే, రిసీట్! మధ్యలో ఆ ‘పి’ని మింగెయ్యాలి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?”

ఇంటికొచ్చిన మేనేజర్ గారి ముందే అన్నాడు మా ఆయన. కుళాయి బాగుచేసినవాడిచ్చిన కాగితం ఎక్కడని తనే అడిగాడు, చెప్పాను, అంతే. మేనేజర్ గారు టీ కప్పు చాటున నవ్వుకున్నారు. “మా కోడలు ఇంగ్లీషు కూడా ఉన్నదున్నట్టే చదివేస్తుంది లెండి,” అంది అత్తయ్య. “అమ్మ నైఫ్‌ని క్నైఫ్ అంటుంది అంకుల్!” తొమ్మిదేళ్ల నా కూతురు పకపకా నవ్వింది. మా ఆయన వెక్కిరింత నాకు అలవాటే. అది పిల్లకి కూడా అంటుకుందని తెలిసేసరికి ఒళ్లు మండిపోయింది.

నేను ఇంగ్లీషు కంటితో నేర్చుకున్నాను. మా పుట్టింట్లో ఆ భాష మాట్లాడేవాళ్లు లేరు. నిఘంటువే నా పంతులు, దానికి నోరు లేదు. కనిపించిన అక్షరాన్నల్లా పలికాను. మన భాషలో రాసింది పలక్కపోతే తప్పు, అక్కడ పలికితే తప్పట. ఉండీ లేనట్టు పడుండాలట ఆ అక్షరాలు. ఆ బతుకేమిటో నాకెవరూ చెప్పక్కర్లేదు.

మా ఆయన చెవితో నేర్చుకున్నాడు. మాట్లాడితే దొర. రాస్తేనే బండారం బయటపడుతుంది. బస్సు డిపోలో ఇన్‌స్పెక్టరు. ఇంగ్లీషులో రిపోర్టు రాయడానికి నెలకి నంబరు వేసిన ఫారం ఒక్కటే ఇస్తారు, పాడైతే ఇంకోటి ఇవ్వరు. అందుకని ముందు పెన్సిలుతో నింపి, కూరగాయల బుట్ట పక్కన పెడతాడు. “ఓసారి చూడు. పెన్సిలుతోనే సుమా!” బస్సుని ఆపే బ్రేకూ, కప్పు పగిలితే అనే బ్రేకూ పలకడానికి ఒకటే, రాయడానికి వేరు. ఈయన ప్రతి నెలా బస్సులన్నీ పగలగొట్టేస్తాడు. ‘వీక్’ అన్న మాటా అంతే, వారం అని రాయాల్సిన చోట నీరసం అని రాస్తాడు. కూర మాడకుండా ఓ కన్ను పొయ్యి మీద వేసి అన్నీ దిద్దుతాను. వాటి మీద ఆయన పెన్నుతో రాసుకుని, నా గీతలు రబ్బరుతో చెరిపేస్తాడు. ఆ రబ్బరు పొట్టు ఊడ్చేదీ నేనే. పదకొండేళ్లుగా ఇదే తంతు.

“రిపోర్టంటే మీ ఆయనదేనమ్మా! ఒక్క తప్పుండదు,” అన్నారు మేనేజర్ గారు వెళ్లబోతూ. “ఈసారి ప్రమోషన్ ఖాయం. రేపు పదింటికల్లా నా టేబుల్ మీదుండాలయ్యా.”

ఒక్క మాటైనా అంటాడేమోనని మా ఆయన వైపు చూశాను. ఆయన వంగి మేనేజర్ గారి బూట్లు సరిగ్గా జరుపుతున్నాడు.

మర్నాడు పొద్దున్న ఫారం బుట్ట పక్కకి వచ్చింది. “త్వరగా కానియ్. స్నానం చేసొస్తా,” అని వెళ్లాడు. స్టవ్ ఆర్పేశాను. కూతురి బ్యాగులోంచి నీలం పెన్ను తీశాను. ఒక్కో తప్పూ కొట్టేసి, పైన నా గుండ్రటి అక్షరాలతో సరైన మాట రాసుకుంటూ పోయాను.

పిల్ల జడ వేయించుకోడానికి దువ్వెన పట్టుకొచ్చి, నా భుజం మీంచి తొంగి చూసింది.

“నాన్న రిపోర్టు కదా? నువ్వు దిద్దుతున్నావేంటి?”

“నువ్వు పుట్టకముందు నుంచీ దిద్దుతున్నాను.”

ఈసారి అది నవ్వలేదు. స్నానాలగదిలో నీళ్ల చప్పుడు ఆగింది. ఫారం అడుగున ‘సరిచూసినవారు’ అన్న గడి ఎప్పట్లాగే ఖాళీగా ఉంది. అందులో నా పూర్తి పేరు రాశాను, పెన్నుతో.