ఊట ఎండలేదు

మిత్రులారా, ఆ కాగితం మీద వేలిముద్ర కొమురెల్లిదే. ఎవరూ మోసం చేసి వేయించుకున్నది కాదు. మా బాధంతా అదే.

క్వారీ మీద ప్రజాభిప్రాయ సేకరణను ఊళ్లో పెట్టలేదు. ఊరికి మూడు గంటల దూరాన, తార్నాకలో ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో పెట్టారు. ఊళ్లో పెడితే గొడవవుతుందట! అయినా నలభై మంది పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. ఊరి గుట్టను పేల్చి కంకర చేస్తే దాని కింది ఊట పోతుంది. ఆ ఊట కాలువ మీదే వాళ్ల వరి మళ్లు, పశువులు, తాగే నీళ్లు. కొమురెల్లి ఆ ఊరి నీరటికాడు. ఏ మడికి ఎప్పుడు నీళ్లు మళ్లించాలో నలభై ఏళ్లుగా ఆయనే చూస్తున్నాడు. తాతల నాటి వంతులన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఎక్కడా రాసి లేవు.

కంపెనీ తరఫు భూగర్భ నిపుణుడు సోమయాజులు మైకు ముందు ఒక కాగితం చదివాడు. "ఊట ఎండిపోయింది. కాలువ కింద సాగు లేదు. నీటి వంతులు ఆగిపోయాయి. ఇది నా మాట కాదండీ, తొమ్మిదేళ్ల కిందట మీ గ్రామసభ చేసిన తీర్మానం. మొదటి వేలిముద్ర మీ నీరటికాడిదే. లేని నీళ్ల మీద హక్కేమిటండీ?"

వేదిక మీది అధికారి నవ్వి, మిగతాది భోజనాల తర్వాత చూద్దామన్నాడు. కొమురెల్లి తల ఎత్తలేదు.

మేం విద్యార్థులం అందరినీ పక్కనే ఉన్న మా యూనివర్సిటీ క్యాంపస్‌కు తీసుకెళ్లాం. చెట్ల కింద సద్ది మూటలు విప్పారు. కొమురెల్లి కూతురు భాగ్య నా క్లాస్‌మేట్. తండ్రి ముందు కూలబడింది.

"ఎందుకేసినవ్ బాపూ?"

"గా ఏడు కరువు బిడ్డా. ఊట సన్నగ అయింది. పశువులు పడి సచ్చినయ్. మొత్తం ఎండిందని రాస్తెనే సర్కారోళ్లు గడ్డి ఇస్తరని పంచాయతి సెక్రటరీ అన్నడు. నేనేస్తె అందరేస్తమన్నరు. ఏసిన. గడ్డి అయితె వచ్చింది."

మా విద్యార్థి సంఘం కుమార్ అందుకున్నాడు. "ముద్ర నాది కాదనుండ్రి కాకా. ఎవడో దొంగముద్ర ఏసిండని చెప్పుండ్రి. మిగతాది మేం చూసుకుంటం."

"అట్లనే చెప్పు బాపూ," అంది భాగ్య. "నిజం చెప్తే కేసైతది. అసలే నీ గుండె బాగ లేదు."

నేనూ అదే అన్నాను. మాది తార్నాకలో ఫ్లాటు, ఫోన్ చేస్తే ట్యాంకరు వస్తుంది. నీళ్ల కోసం అబద్ధమాడే అవసరం నాకెప్పుడూ రాలేదు. అయినా ఆయనకు అబద్ధం నేర్పబోయాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

కొమురెల్లి తల అడ్డంగా ఊపాడు. "ఒక్క అబద్ధానికే ఊట పోవట్టె. ఇంకోటి ఆడితే ఎవలు నమ్ముతరు కుమారూ?"

మధ్యాహ్నం హాల్లో ఆయనే మైకు దగ్గరికి నడిచాడు.

"ముద్ర నాదే. రాత అబద్ధం. ఊట ఎండలే. గా కరువుల గూడ మడికి అర్ధగంట చొప్పున పంచిన. పొద్దు పొడవంగ పరశురాం మడి. పొద్దు బారెడెక్కినంక రజిని మడి..." అలా నలభై వంతులూ చెప్పాడు.

సోమయాజులు అడ్డుపడ్డాడు. "అంటే ప్రభుత్వానికి అబద్ధం చెప్పారన్నమాట!"

"అవు సారూ. ఆకలికి చెప్పిన. మీరు దేనికి చెప్తున్రు?"

అధికారి పక్కనున్న ఎస్సైకి సైగ చేశాడు. ఎస్సై రెక్క పట్టుకుంటే ఆ ముసలాయన ఏడ్చాడు. వీరుడిలా నిలబడ్డాడని నేను చెప్పను. "నా ఒక్కని పేరే రాసుకోండ్రి, ఊరోళ్లది తప్పు లేదు," అని బతిమాలాడు.

ఆయన భార్య భూదేవి లేచింది. "రెండో ముద్ర నాది. నా పేరు రాయి సారూ." పరశురాం లేచాడు. రజిని లేచింది. పేర్లు రాయించే వరుస హాలు దాటి రోడ్డు మీదికి వచ్చింది. చివర కుమార్ నిలబడ్డాడు.

"నీకేం సంబంధం రా?" అన్నాడు ఎస్సై.

"ఇయ్యాల అబద్ధం చెప్పుమన్నది నేను. రాసుకోండ్రి."

కుమార్ వెనక నేను నిలబడ్డాను.

సాయంత్రం అందరినీ కూర్చోబెట్టిన పోలీస్ స్టేషన్ వరండాలో కొమురెల్లి కుప్పకూలాడు. మూడోనాడు ఆసుపత్రిలో చనిపోయాడు. భాగ్య ఏడుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. అభ్యంతరం చెప్పిన మనిషి లేడు గనుక అభ్యంతరం ముగిసిందని ఆ అధికారి ఆఫీసు నుంచి నోటీసు వచ్చింది.

పదకొండో రోజు కర్మ అయిన మర్నాడే ఊరు మళ్లీ తార్నాకకు వచ్చింది. హాలుకు తాళం వేశారు. జనం మెట్రో స్టేషన్ కింద రోడ్డు మీదే కూర్చున్నారు. హాస్టళ్ల నుంచి పిల్లలు గుంపులుగా వచ్చి పక్కన కూర్చున్నారు. బస్సులు ఆగిపోయాయి. అదే ఎస్సై పుస్తకం తెరిచాడు. భూదేవి కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది.

"గా దినం రాసుకున్న పేర్లే సారూ. ఒక్కటి తక్కువైంది. మల్ల మొదటి నుంచి రాయి."