కుండీ పక్కన కాపురం

చిన్నాన్న దర్జీ. టేపు పెట్టకుండానే ఎవరినైనా కొలిచేయగలనని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే, కుట్టుగదిలోని ఉప్పునీళ్ల అద్దాల తొట్టిలోకి నారింజరంగు చారల చేపలు రెండు తెచ్చిన రోజు, పెద్దదాన్ని అల్లుడనీ చిన్నదాన్ని అమ్మడనీ తేల్చేశాడు.

అప్పటినుంచి ఆయనకు మనశ్శాంతి లేదు. అల్లుడు అమ్మడిని తొట్టంతా తరుముతాడు. ఎదురుపడితే చాలు, అమ్మడు పక్కకు ఒరిగి గజగజ వణుకుతుంది. బట్టలు ఇవ్వడానికి వచ్చినవాళ్లందరి దగ్గరా చిన్నాన్న ఈ గోడే వెళ్లబోసుకునేవాడు.

"అల్లుణ్ణి వెనక్కి తీసుకుపొమ్మని చేపలకొట్టాయనకి చెప్పేశాను. సాయంత్రం వస్తాడు" అన్నాడు ఒకరోజు.

నా చేతిలో గుండీ జారిపోయింది. ఆ గదిలోనే కూర్చుని నేను గుండీలు కుడతాను. వణికిన చేప పారిపోదు, మళ్లీ తనే వెళ్లి పెద్దదాని పక్కన చేరుతుంది. పడుకునేది కూడా రెండూ ఒక్కచోటే. విడదీస్తే చిన్నది తిండి మానేస్తుందని నా భయం.

"అవి బాగానే ఉన్నాయి చిన్నాన్నా."

"నీకు తెలీదమ్మా. పైకి అలాగే ఉంటాయి. వణుక్కుంటూ చేసేది కాపురమా?"

"నా వంక చూస్తూ అనకండి ఆ మాట" అంది పిన్ని, ఇస్త్రీపెట్టె పక్కన పెడుతూ. పిన్ని ఆయనకన్నా జానెడు పొడుగు.

"నిన్నెవరన్నారే?"

సాయంత్రానికి చేపలు రెండూ తొట్టిలోని మట్టికుండీని నోటితో గీకి గీకి శుభ్రం చేస్తున్నాయి.

"చూశావా, అంట్లు కూడా తోమిస్తున్నాడు" అన్నాడు చిన్నాన్న.

"వాడూ తోముతున్నాడుగా. ఈ ఇంట్లో ఆ పాటి భాగ్యం కూడా లేదు" అంది పిన్ని.

ఇంతలో కొట్టాయన ప్లాస్టిక్ సంచీ, చిన్న వల పట్టుకుని వచ్చాడు. చిన్నాన్న ఆ వల అందుకుని, చొక్కా చేతులు మడిచి, నీళ్లలో ముంచాడు.

"ఆగు చిన్నాన్నా."

నా గొంతు అంత పెద్దగా రావడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. అందరూ నేను చూస్తున్న వైపే చూశారు. పెద్దచేప పొట్టని కుండీకి ఆనించి మెల్లగా జరుగుతోంది. అది జరిగిన దారిలో నారింజరంగు చుక్కలు, దగ్గర దగ్గరగా వేసిన కుట్టులా. చిన్నది ఆ వరస మీదుగానే వెనక నడుస్తోంది.

"అల్లుడు గుడ్లు పెడుతున్నాడేమిటి?" అన్నాడు చిన్నాన్న, నీరసంగా.

"పెద్దది ఆడదండీ. వీటిలో అంతే. కొన్న రోజే చెప్పబోతే, నాకు కొలతలు చెప్పకు అన్నారు" అన్నాడు కొట్టాయన.

"మరి చిన్నది వణకడం?"

"పెత్తనం నీదేలే తల్లీ అని ఒప్పుకోవడం."

పిన్ని నవ్వాపుకోలేక గోడవైపు తిరిగింది.

"ఇంతకీ తీసుకెళ్లనా?" కొట్టాయన సంచీ విప్పాడు.

"పచ్చి బాలింతని ఎక్కడికి తీసుకెళ్తావయ్యా?" చిన్నాన్న కసిరాడు. "నా కొలత తప్పలేదు. గౌనుకి తీసిన కొలతతో చొక్కా కత్తిరించాను, అంతే."

ఆ విసురులో వల చేతినుంచి జారి నీళ్లలో పడింది. తీద్దామని చెయ్యి పెట్టాడు. రెక్కలతో గుడ్ల మీదికి నీళ్లు విసురుతున్న అమ్మడు దూసుకొచ్చి ఆయన వేలు కొరికింది.

"అయ్యో పాపం, ఎంత భయమో దానికి" అంది పిన్ని.

వల ఇంకా కుండీ పక్కనే పడి ఉంది. దాన్ని తీయమని చిన్నాన్న నాకు పురమాయిస్తూనే ఉన్నాడు. నేను తల ఎత్తకుండా గుండీలు కుట్టుకుంటున్నాను.